ర్యాక్‌లో జాగా ఉంది సరే, 10 కిలోవాట్ల సర్వర్‌కు కరెంటు, చల్లదనం ఉన్నాయా?

నల్గొండ_నెట్‌వర్క్:
అందరికీ నమస్కారం. మాది నల్గొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ, అక్కడ సర్వర్ రూమ్ నేనే చూసుకుంటాను. మొదటి అంతస్తులో చిన్న గది, రెండు 42యూ ర్యాక్‌లు (సర్వర్లు బిగించే నిలువు ఫ్రేములు, యూ అంటే వాటి ఎత్తు కొలత), ఒక్కోటి 600 మిల్లీమీటర్ల వెడల్పు, 1000 లోతు. ఒక్కో ర్యాక్‌కు 32 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ లైను ఉంది. రెండు టన్నుల స్ప్లిట్ ఏసీలు రెండు. ఇప్పుడు నడుస్తున్న లోడు రెండు ర్యాక్‌లూ కలిపి 4 కిలోవాట్ల దాకా, ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు ఏఐ ల్యాబ్ కోసం ఎనిమిది జీపీయూల (ఏఐ లెక్కలు చేసే చిప్‌ల) సర్వర్ ఒకటి కొందామంటున్నారు, ఎన్విడియా డీజీఎక్స్ హెచ్100 లాంటిది. ఎత్తు 8యూ, గరిష్ఠంగా 10.2 కిలోవాట్లు లాగుతుందని స్పెసిఫికేషన్‌లో ఉంది. మీటింగ్‌లో వచ్చిన మాట ఏంటంటే, "ర్యాక్‌లో సగం ఖాళీగానే ఉంది కదా, పెట్టేయండి, ఇంకేం కావాలి" అని. పెద్దవాళ్లు, కోపంతో అన్నదేం కాదు, ఖాళీ కనిపిస్తుంది కాబట్టి అన్నారు. వాళ్లకు లెక్కలతో చెప్పాలి. కరెంటు, ఏసీ, బరువు, మూడింటి మీదా తెలిసినవాళ్లు చెప్పండి. అసలు ర్యాక్‌లు ఇంత కరెంటు తినే దాకా ఎలా వచ్చాయో కూడా ఎవరైనా రాస్తే ఆ పేజీ అట్లే ప్రింట్ తీసి చూపిస్తాను.

పాలమూరు_కరెంట్:
అన్నా, ముందు కరెంటు సంగతి. 32 ఆంపియర్ల లైను మీద 24 గంటలు నడిచే లోడు 80 శాతం దాటనివ్వకూడదు, అంటే 25.6 ఆంపియర్లు. 230 వోల్టులతో గుణిస్తే 5.9 కిలోవాట్లు. మీ సర్వర్ ఒక్కటే 10.2 అడుగుతోంది, సింగిల్ ఫేజ్ మీద అది 44 ఆంపియర్లు. అక్కడికే కథ అయిపోయింది, ర్యాక్‌లో ఎన్ని యూలు ఖాళీ ఉన్నా లాభం లేదు.

త్రీ ఫేజ్ 32 ఆంపియర్ల లైను లాగితే 415 వోల్టుల మీద 23 కేవీఏ వస్తుంది, 80 శాతం అంటే 18. ఆ ర్యాక్‌కు అది సరిపోతుంది. అయితే ఒక్క లైను కాదు, ఏ ఫీడ్, బీ ఫీడ్ అని రెండు కావాలి, ఒకటి పోతే మొత్తం లోడు రెండోదాని మీద పడుతుంది కాబట్టి రెండూ పూర్తి సైజులోనే ఉండాలి. సగం సగం లెక్కేసి సన్న కేబుల్ వేసేవాళ్లను మస్తు మందిని చూశాను. ఆ డీజీఎక్స్‌లో 3.3 కిలోవాట్ల పవర్ సప్లైలు ఆరు ఉంటాయి, వాటికి మామూలు కంప్యూటర్ వైరు పట్టదు, సీ19 సాకెట్లున్న పీడీయూ (ర్యాక్‌లో కరెంటు పంచే ప్లగ్గుల పట్టీ) కావాలి. మీ యూపీఎస్ ఎంతదో రాయలేదు. 20 కేవీఏకి తక్కువైతే దాని గురించీ ఆలోచించాల్సిందే. ఏసీలు జనరేటర్ మీద ఉన్నాయా లేదా అన్నది కూడా చూసుకోండి, చాలా చోట్ల సర్వర్లు యూపీఎస్ మీద బతికే ఉంటాయి, ఏసీ ఆగిపోయి గది పొయ్యి అవుతుంది.

షాద్‌నగర్_నైట్‌షిఫ్ట్:
నేను ఒక డేటా సెంటర్‌లో ఫెసిలిటీ వైపు పనిచేస్తాను, ఎక్కడో చెప్పను. చరిత్ర అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

19 అంగుళాల ర్యాక్ కంప్యూటర్ల కోసం పుట్టింది కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ వాళ్లు 1920లలో టెలిఫోన్ సామాను బిగించడానికి ఖాయం చేసుకున్న వెడల్పు అది. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, 44.45 మిల్లీమీటర్లు. వంద ఏళ్లుగా ఆ వెడల్పు అట్లే ఉంది. అందుకే బయటినుంచి చూసేవాళ్లకు ఏమీ మారినట్టు అనిపించదు, మీ మేనేజ్‌మెంట్ అన్నమాట వెనుక ఉన్నది కూడా అదే.

కొలతల్లో మారింది కొంచెమే. ఎత్తు 42యూ నుంచి 48, 52 దాకా పోయింది. లోతు 1000 నుంచి 1070, ఇప్పుడు 1200 మామూలు. బయటి వెడల్పు 600 బదులు 800 తీసుకుంటున్నారు, పక్కల కేబుళ్లకూ పీడీయూలకూ చోటు కోసం. మీ డీజీఎక్స్ లోతు 897 మిల్లీమీటర్లు. 1000 ర్యాక్‌లో వెనకాల ప్లగ్గులు, కేబుళ్లు మలిపే చోటు ఉండదు, వెనక తలుపు మూసుకోకపోవచ్చు. 1200 ర్యాక్ తీసుకోండి.

అసలు మార్పంతా కరెంటులో ఉంది. 2000 సంవత్సరం ప్రాంతంలో ఒక ర్యాక్ అంటే రెండు, మూడు కిలోవాట్లు అనుకుని గదులు కట్టేవారు. అప్పుడే 1యూ సర్వర్లు, వాటి వెంట బ్లేడ్ సర్వర్లు (ఛాసిస్ అనే ఒకే పెట్టెలో పలకల్లా దోపే సన్న సర్వర్లు) వచ్చాయి. బ్లేడ్ ఛాసిస్‌లతో ర్యాక్ మొత్తం నింపితే 20 కిలోవాట్లు దాటేది. గదులేమో అంత చల్లబరచలేవు. దాంతో ఒక ర్యాక్‌లో ఒకటో రెండో ఛాసిస్‌లు పెట్టి మిగతాది ఖాళీగా వదిలేశారు, అంటే మీ సమస్య 20 ఏళ్ల కిందట కూడా ఉన్నదే. తర్వాత వర్చువలైజేషన్ వచ్చి పది సర్వర్ల పని ఒకదాని మీదికి రావడంతో ఆ వేగం తగ్గింది. చాలా ఏళ్లు 5 కిలోవాట్ల దగ్గర తిరిగింది.

మళ్లీ పెరిగింది జీపీయూలతో. ఎన్విడియా వీ100 (2017) ఒక్కోటి 300 వాట్లు, ఏ100 (2020) 400, హెచ్100 (2022) 700, బీ200 (2024) 1000. ప్రాసెసర్లు కూడా తక్కువేం తినట్లేదు, ఏఎండీ ఎపిక్ 2024 తరంలో పెద్దది 500 వాట్లు. 2024 మార్చిలో ప్రకటించిన ఎన్విడియా జీబీ200 ఎన్‌వీఎల్72లో ఒకే ర్యాక్‌లో 72 జీపీయూలు, 36 ప్రాసెసర్లు, సుమారు 120 కిలోవాట్లు. మరుసటి ఏడాది మార్చిలో కైబర్ అనే ర్యాక్ చూపించారు, 2027కి అని చెప్పారు, 600 కిలోవాట్లు. ఒక ర్యాక్‌కి!

వనపర్తి_బీటెక్:
అన్నా ఒక డౌట్. అంత వేడి ఒక్క ర్యాక్‌లో కుక్కి, మళ్లీ దాన్ని చల్లబరచడానికి ఇంత తిప్పలు పడేకంటే అదే 72 జీపీయూలను పది ర్యాక్‌లలో పంచితే ఒక్కోటి 12 కిలోవాట్లే కదా. స్థలం కోసమేనా ఇదంతా? సిటీకి దూరంగా కట్టేచోట స్థలం అంత కరువా?

షాద్‌నగర్_నైట్‌షిఫ్ట్:
తమ్మీ, మంచి ప్రశ్న అడిగినవ్. స్థలం కోసం కాదు, వైరు పొడవు కోసం.

ఆ 72 జీపీయూలు ఒకే పెద్ద జీపీయూ లాగా పనిచేయాలి, అంటే ఒకదాని మెమరీలో ఉన్నది ఇంకోదానికి క్షణంలో అందాలి. అంత వేగంలో రాగి తీగ మీద సిగ్నల్ ఒకటి రెండు మీటర్లకే బలహీనపడుతుంది. అంతకన్నా దూరం పోవాలంటే ఆప్టికల్ ఫైబర్ కావాలి, దాని రెండు చివర్లా కరెంటు సిగ్నల్‌ను వెలుగుగా మార్చే ట్రాన్స్‌సీవర్లు కావాలి. ఒక ర్యాక్‌లోని లింకులన్నీ ఆప్టిక్స్ మీద నడిపితే వాటికే 20 కిలోవాట్లు పోయేవని ఎన్విడియా వాళ్లు ఆ 2024 సభలోనే చెప్పారు. అందుకని ర్యాక్ వెనక 5,000కు పైగా రాగి కేబుళ్లతో అన్నింటినీ దగ్గర దగ్గరగా కట్టేశారు. పంచితే చల్లదనం ఖర్చు తగ్గుతుంది, కానీ నువ్వు కొన్న జీపీయూలు సగం సేపు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. ఒక్కో చిప్ మీద లక్షలు పెట్టినవాడికి అదే పెద్ద నష్టం.

పాలమూరు_కరెంట్:
దీనికి కరెంటు వైపు నుంచి ఒకటి కలుపుతాను. ఈ ర్యాక్‌లలో ఒక్కో సర్వర్‌కు విడిగా పవర్ సప్లై ఉండదు. ర్యాక్‌లోనే ఒక షెల్ఫ్‌లో ఏసీ కరెంటును డీసీ కరెంటుగా మార్చి, వెనకాల నిలువుగా ఒక రాగి బస్‌బార్ ద్వారా అందిస్తారు. ఈ పద్ధతిని ఫేస్‌బుక్ వాళ్లు 2011లో మొదలుపెట్టిన ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్ట్ బాగా ముందుకు తెచ్చింది. వాళ్ల ర్యాక్ బయట 600 మిల్లీమీటర్లే, లోపల మాత్రం 21 అంగుళాల సామాను పడుతుంది, ఎత్తు కొలత కూడా 48 మిల్లీమీటర్ల యూనిట్. మొదట 12 వోల్టులు, తర్వాత 48.

ఇప్పుడు లెక్క చూడండి. 120 కిలోవాట్లను 50 వోల్టుల మీద పంపితే 2,400 ఆంపియర్లు. 600 కిలోవాట్లైతే 12,000 ఆంపియర్లు. మా ఊళ్లో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (తక్కువ వోల్టేజ్) వైపు మోసేది 140 ఆంపియర్ల లోపే! అంత రాగి ర్యాక్‌లో పెడితే సర్వర్లకు చోటు ఉండదు. అందుకే 800 వోల్టుల డీసీకి పోతున్నారు, అప్పుడు అదే 600 కిలోవాట్లకు 750 ఆంపియర్లు చాలు. నాకు దీంట్లో భయం కలిగించేది ఒకటే. డీసీ ఆర్క్ (తీగ విడిపోయిన చోట లేచే నిప్పు) ఏసీ కరెంటులా సున్నా దాటేటప్పుడు తనంతట ఆరిపోదు. మన దగ్గర లైన్ మీద పనిచేసే పిల్లలకు 800 వోల్టుల డీసీ మీద ట్రైనింగ్ ఎవరు ఇస్తారు? దివిటిపల్లి వైపు బ్యాటరీ ఫ్యాక్టరీ వస్తోంది, సోలార్ ప్లాంట్లున్నాయి, అన్నిట్లోనూ డీసీయే. ఐటీఐలలో ఇది ఇప్పుడే పెట్టాలి, ప్రమాదం జరిగాక కాదు.

మిర్యాలగూడ_కూలింగ్:
నల్గొండ తమ్ముడికి ఏసీ లెక్క నేను చెప్తాను. ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్ల వేడి తీయడం. మీ రెండు ఏసీలు కలిపి కాగితం మీద 14 కిలోవాట్లు. మీ పాత లోడు 4, కొత్తది 10.2, మొత్తం 14.2. కాగితం మీదే చాలలేదు. పైగా ఆ రేటింగ్ బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. మన దగ్గర మే నెలలో 44, 45 కొడుతుంది, అవుట్‌డోర్ యూనిట్ పడమటి గోడకుంటే చెప్పనక్కర్లేదు, సామర్థ్యం పడిపోతుంది. ఒక ఏసీ సర్వీసుకు ఆగితే మిగిలేది సగం. ఇండ్లల్లో పెట్టే స్ప్లిట్ ఏసీ రాత్రీ పగలూ ఏడాది పొడవునా తిరగడానికి చేసింది కాదు.

రెండో విషయం గాలి. 10 కిలోవాట్ల సర్వర్‌లోంచి వెళ్లే గాలి 12 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే నిమిషానికి 1,450 ఘనపు అడుగుల గాలి కావాలి. రెండు టన్నుల ఏసీ ఒకటి ఇచ్చేది సుమారు 800. సర్వర్ ఫ్యాన్లు బలమైనవి, ఏసీ ఇచ్చిన చల్లగాలి చాలకపోతే వెనక్కి వదిలిన వేడిగాలినే ర్యాక్ మీదుగా మళ్లీ ముందుకు లాక్కుంటాయి. థర్మామీటర్ గోడ మీద 24 చూపిస్తుంది, సర్వర్ ముందు 35 ఉంటుంది. ఆష్రే (ఏసీ ఇంజినీర్ల అమెరికా సంఘం) సిఫార్సు చేసే 18 నుంచి 27 డిగ్రీలు అనేది సర్వర్ మూతి దగ్గర కొలిచే ఉష్ణోగ్రత, గది మధ్యలోది కాదు. ఎక్కువ సాంద్రత సామానుకు 2021లో వాళ్లే 18 నుంచి 22 అని ఇంకా బిగించారు. ఖాళీ యూలన్నింటికీ బ్లాంకింగ్ ప్యానెళ్లు (ఖాళీని మూసే పలకలు) వేయండి, ఇది ఖర్చులేని పని, చాలామంది వేయరు.

120 కిలోవాట్లకు ఇదే లెక్క కడితే గాలి ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. సెకనుకు 8 ఘనపు మీటర్లకు పైగా గాలి ఒక ర్యాక్ తలుపు గుండా పోవాలి, అంటే గంటకు 25 కిలోమీటర్ల వేగం. అదే నీళ్లయితే 10 డిగ్రీల పెరుగుదలకు నిమిషానికి 172 లీటర్లు, ఒక మంచి పైపు చాలు. చిప్ మీద రాగి పలక, దాంట్లో సన్నని కాలువలు, అందులో నీళ్లు.

సూర్యాపేట_సివిల్:
బరువు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. డీజీఎక్స్ 130 కిలోలు. మామూలుగా నింపిన 42యూ ర్యాక్ 600 నుంచి 900 కిలోలు. మీ ర్యాక్ అడుగు విస్తీర్ణం 0.6 చదరపు మీటరు. ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువులకు భారతీయ ప్రమాణం) ప్రకారం ఆఫీసు గది స్లాబుకు తీసుకునే లైవ్ లోడు 2.5 నుంచి 4 కిలోన్యూటన్లు, అంటే చదరపు మీటరుకు 250 నుంచి 400 కిలోలు. ర్యాక్ చుట్టూ నడిచే ఖాళీ స్థలం మీదికి కూడా బరువు పంచుకుని లెక్కేస్తారు, కాబట్టి వెంటనే కూలుతుందని ఎవరినీ బెదిరించను. కానీ మీరు యూపీఎస్ బ్యాటరీలు కూడా అదే గదిలో పెడతారు చూడండి, అక్కడ భయం. లెడ్ యాసిడ్ బ్యాటరీ బ్యాంకు ర్యాక్ కన్నా బరువు ఉండొచ్చు. వాటిని కింది అంతస్తుకు తెచ్చేయండి. ర్యాక్‌ను బీమ్ మీదికి వచ్చేలా పెట్టి కింద స్టీల్ ఛానెల్ ఫ్రేమ్ వేయించండి. కాలేజీ స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉంటే తీయండి, లేకపోతే ఇంజినీర్‌తో చూపించకుండా పెట్టకండి.

జీబీ200 ర్యాక్ 1.36 టన్నులు. పాత భవనాల్లో ఫాల్స్ ఫ్లోర్ మీద అది నిలబడటం ఒక ఎత్తు, లిఫ్టు, ర్యాంపు, కారిడార్ దాటించి అక్కడిదాకా తేవడం ఇంకో ఎత్తు. అందుకే కొత్త హాళ్లలో ఫాల్స్ ఫ్లోర్ తీసేసి నేరుగా కాంక్రీటు మీద ర్యాక్‌లు పెట్టి, పైపులు, కేబుళ్లు పైనుంచి తెస్తున్నారు.

దేవరకొండ_వినియోగదారు:
ఇదంతా చదువుతుంటే నాకు నీళ్ల గురించి రంధి పుడుతోంది. మా దగ్గర ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాలు వంకరపోయిన ఊళ్లున్నాయి, కృష్ణా నీళ్లు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో అందరికీ తెలుసు. షాద్‌నగర్, ముచ్చర్ల, చందనవెల్లి అంటూ డేటా సెంటర్లు వరుసగా వస్తున్నాయి. ఇప్పుడు ర్యాక్‌లకే నీళ్లు పెడతామంటున్నారు. బోర్లు ఎండిపోయేది ఎవరివి?

మిర్యాలగూడ_కూలింగ్:
మీ భయం న్యాయమైందే, కానీ ఎక్కడ భయపడాలో చూద్దాం. చిప్ మీద తిరిగే నీళ్లు మూసి ఉన్న పైపుల్లో తిరుగుతాయి, చాలాచోట్ల అందులో 25 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. అవి ఒకసారి నింపితే ఏళ్లు తిరుగుతాయి. నీళ్లు ఖర్చయ్యేది ఆ వేడిని బయట ఆకాశంలోకి వదిలే చోట. అక్కడ కూలింగ్ టవర్ పెడితే నీళ్లు ఆవిరవుతాయి. ఒక మెగావాట్ వేడిని మొత్తం ఆవిరితోనే వదిలితే రోజుకు 36,000 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. టవర్‌లో ఉప్పు పేరుకోకుండా వదిలేసే నీళ్లు దీనికి అదనం. మన బోరు నీళ్ల కాఠిన్యానికి ఆ వదిలేది ఇంకా ఎక్కువ ఉంటుంది. 50 మెగావాట్లకు గుణించుకోండి.

డ్రై కూలర్ పెడితే నీళ్లు అక్కర్లేదు, కారు రేడియేటర్ లాంటిదే. ఇక్కడే లిక్విడ్ కూలింగ్ మనకు మేలు చేస్తుంది. గాలితో చల్లబరిచే హాలుకు 20 డిగ్రీల దగ్గర ఉండే చల్లటి నీళ్లు కావాలి, మన ఎండకు చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) లేకుండా అది సాధ్యం కాదు. కొత్త లిక్విడ్ ర్యాక్‌లకు 40, 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పంపినా సరిపోయేలా చేస్తున్నారు. బయట 35 ఉంటే డ్రై కూలర్ ఒక్కటే 43 డిగ్రీల నీళ్లు ఇచ్చేస్తుంది. నల్గొండలో ఏడాదిలో ఎక్కువ గంటలు 35 లోపే. మే మధ్యాహ్నాలు 44 ఉన్నప్పుడు మాత్రం అది 50 దాటుతుంది, అప్పుడు చిన్న చిల్లరో, కూలర్ ముందు నీళ్లు చిమ్మడమో కావాలి. మనది పొడి ఎండ కాబట్టి నీళ్లు చిమ్మితే బాగా పనిచేస్తుంది, ఆ కొన్ని గంటలకే నీళ్లు వాడితే ఖర్చు టవర్‌లో పదో వంతు కూడా కాదు.

కాబట్టి అడగాల్సింది ఏ కంపెనీ అన్నది కాదు, వేడిని బయట దేనితో వదులుతున్నారు, నీళ్లు ఎక్కడివి, శుద్ధి చేసిన మురుగునీరా బోరుదా, ఏడాదికి ఎన్ని కిలోలీటర్లు. అనుమతి కాగితంలోనే రాయించాలి.

షాద్‌నగర్_నైట్‌షిఫ్ట్:
అక్క చెప్పింది కరెక్ట్. భూమి గురించి కూడా ఇట్లాంటి తప్పు లెక్క ఒకటి తిరుగుతోంది. 100 మెగావాట్లను 5 కిలోవాట్ల ర్యాక్‌లతో నింపాలంటే 20,000 ర్యాక్‌లు, 120 కిలోవాట్లవైతే 830. కాబట్టి ఇక ఎకరాలు అక్కర్లేదు అంటారు. హాలు చిన్నదవుతుంది, నిజమే. ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు, డ్రై కూలర్లు మెగావాట్లను బట్టి ఉంటాయి, అవి చిన్నవి కావు. డ్రై కూలర్‌కు టవర్ కన్నా ఎక్కువ స్థలమే కావాలి. నీళ్లు మిగిల్చుకుంటే భూమి ఎక్కువ పోతుంది. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటులో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు, అలాంటి దాంట్లో ఎనిమిదో వంతు ఒక్క ఆవరణకు పోతుందని గుర్తుంచుకుంటే సైజు అర్థమవుతుంది.

ఇంకోటి. గాలి గదిలో ఏసీ ఆగితే కొన్ని నిమిషాల టైమ్ ఉండేది. 120 కిలోవాట్ల ర్యాక్‌కు పంపు ఆగితే సెకన్లే. పంపులు కూడా యూపీఎస్ మీద ఉండాలి. నైట్ షిఫ్ట్‌లో నాకు టెన్షన్ అంటే అదే.

కోదాడ_స్టోరేజ్:
ఒక చిన్న అభ్యంతరం. ఇక్కడ 120, 600 అంటూ ఉంటే చదివేవాళ్లు డేటా సెంటర్లన్నీ అలాగే మారిపోయాయనుకుంటారు. డేటా సెంటర్లను సర్వే చేసే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ 2024 సర్వేలో కూడా సగటు ర్యాక్ 8 కిలోవాట్ల లోపే. బ్యాంకులు, ప్రభుత్వ సర్వర్లు, స్టోరేజ్ అన్నీ అక్కడే ఉన్నాయి, ఉంటాయి కూడా. ఏఐ ర్యాక్‌ల కోసం చేసిన లెక్కలు తెచ్చి జిల్లా ఆఫీసు గదిలో లిక్విడ్ కూలింగ్ అమ్మేవాళ్లు తయారవుతారు, జాగ్రత్త.

నల్గొండ అన్నకు కూడా అదే అడుగుతాను. పిల్లల ల్యాబ్‌కు నిజంగా ఎనిమిది హెచ్100లు కావాలా? ఎల్40ఎస్ లాంటి జీపీయూ కార్డులు ఒక్కోటి 350 వాట్లు. నాలుగు పెట్టిన సర్వర్ రెండు, రెండున్నర కిలోవాట్లలో నడుస్తుంది. మీ ఉన్న లైను మీదే పడుతుంది. భారీ ఏఐ మోడల్ ట్రైనింగ్ ఎప్పుడో అవసరమైతే హైదరాబాద్‌లో అద్దెకు దొరుకుతుంది.

నల్గొండ_నెట్‌వర్క్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు. మా హెచ్ఓడీ మేడమ్‌కు ఇదంతా చూపించాను. కోదాడ అన్న చెప్పిన మాట ఆవిడకు నచ్చింది, మొదటి ఏడాది నాలుగు కార్డుల సర్వర్లు రెండు, ఒక్కో ర్యాక్‌లో ఒకటి పెడదాం, ఈలోపు కింది అంతస్తులో పాత స్టోర్ రూమ్ ఖాళీ చేసి త్రీ ఫేజ్, 1200 ర్యాక్, ఇన్-రో ఏసీ (ర్యాక్‌ల పక్కనే నిలబెట్టేది) పెట్టుకుందాం అన్నారు. బ్యాటరీలు పైనే ఉన్నాయి, సివిల్ సార్ చెప్పినట్టు ముందు వాటిని దించుతాం. యూపీఎస్ 10 కేవీఏ. ఇప్పుడున్న 4 కిలోవాట్లు కూడా యూపీఎస్ డిస్‌ప్లే చూసి చెప్పిందే. కొత్తవి రెండు పెట్టే ముందు ఏం కొలవాలి?

పాలమూరు_కరెంట్:
డిస్‌ప్లే చాలదు అన్నా. 4కి ఐదు కలిస్తే 9, మీ 10 కేవీఏ అంచుకు వచ్చేస్తుంది. అందుకని ఒక్కో ర్యాక్ లైను మీద క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) వేసి, పరీక్షలు, ఆన్‌లైన్ ఎగ్జామ్స్ నడిచే రోజున మధ్యాహ్నం పూట చూడండి, సెలవు రోజు రీడింగ్ పనికిరాదు. రెండు లైన్లూ విడివిడిగా రాసుకోండి. ఒక ర్యాక్‌లో ఒకటే మూడు కిలోవాట్లు ఉండి రెండోది ఖాళీగా ఉంటే, కొత్త సర్వర్లు పెట్టకముందే పాతవాటిని అటూ ఇటూ సర్దాలి. బ్యాటరీలు దించేటప్పుడు యూపీఎస్ నుంచి కిందికి డీసీ కేబుల్ పొడవు పెరుగుతుంది, దాని సైజు పెంచకపోతే వోల్టేజ్ పడిపోతుంది. పొడవు ఎన్ని మీటర్లు వస్తుందో కొలిచి ఇక్కడ పెట్టండి, సైజు నేను చెప్తాను.

మిర్యాలగూడ_కూలింగ్:
దాంతోపాటు ర్యాక్ ముందు తలుపు మీద కింద, నడుమ, పైన మూడు చోట్ల ఉష్ణోగ్రత కొలవండి తమ్ముడూ. పైన రీడింగ్ కిందికన్నా ఐదారు డిగ్రీలు ఎక్కువ వస్తే వేడిగాలి ముందుకు తిరిగొస్తున్నట్టే. అప్పుడు కొత్త సర్వర్ పై యూలలో పెట్టకండి, బరువు పరంగా కూడా కిందే మంచిది.